క్లోమం క్యాన్సర్ - యజమానుల బాధ్యత

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభ్యులలో చాలామంది నలుగురికి పని చూపించేవారే. మెకానిక్ షెడ్డు, బేకరీ, దర్జీ దుకాణం, హోటలు - ఏది నడిపినా మనల్ని నమ్ముకుని కొన్ని కుటుంబాలు బ్రతుకుతున్నాయి. ఇంట్లో పనిచేసే ఆమెకు ఇల్లాలే యజమాని. అందుకే ఈ నాలుగు మాటలు ముందుగా యజమానులతో చెప్పదలిచాం.

జీర్ణాశయం వెనుక సుమారు 15 సెంటీమీటర్ల పొడవున ఉండే గ్రంథి క్లోమం. తిన్నది అరగడానికి కావలసిన రసాన్నీ, రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్‌నూ ఇదే తయారుచేస్తుంది. లోపల దాగి ఉండటంవల్ల దీనికి క్యాన్సర్ పుట్టినా మొదట్లో తెలియదు. బయటపడేసరికి తరచు ఆపరేషనుకు అదను దాటిపోతుంది. వైద్యం బాగా పెరిగిన అమెరికాలోనే ఈ జబ్బు వచ్చాక 5 ఏళ్ళు బ్రతికేవారు నూటికి సుమారు 13 మంది. అందరికీ చేసి ముందే కనిపెట్టే పరీక్ష కూడా లేదు. కనుక రాకుండా చూసుకోవడమే మేలు.

వయసును, వంశాన్ని మార్చలేం. కాని పొగ తాగేవారికి ఈ ప్రమాదం తాగనివారికంటే దాదాపు రెట్టింపు. మానేస్తే ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతుంది. స్థూలకాయం, చిరకాలంగా ఉన్న షుగరు జబ్బు, తాగుడువల్ల క్లోమం వాచి చెడిపోవడం కూడా ప్రమాదాన్ని పెంచుతాయి.

ఇక యజమాని ఏం చేయగలడు?

మొదటిది, పనిచేసేచోట బీడీ, సిగరెట్టు ఆపించాలి. 2008 అక్టోబరు 2 నుంచి అది చట్టరీత్యా కూడా నిషిద్ధం. కాని గల్లాపెట్టె దగ్గర తాను సిగరెట్టు వెలిగించి కుర్రవాణ్ణి మందలిస్తే ఎవరు వింటారు? రంజాను నెలలో పగలంతా బీడీ ముట్టని మనిషి ఇఫ్తారు కాగానే దానికోసం వెతుక్కుంటాడు. పగలు నిలిచిన పట్టుదల రాత్రీ నిలవాలి. యజమానీ, పనివాడూ కలిసి మానితే ఇద్దరికీ సులువు.

రెండవది, ఏడాదికొకసారి బరువు, షుగరు చూపించాలి. ఈ.ఎస్.ఐ. వర్తించేచోట ప్రతి పనివాని పేరూ నమోదు చేయించాలి.

మూడవది, పనివాని ముఖం కాస్త గమనించాలి. కళ్ళు పచ్చబడటం, కారణం లేకుండా చిక్కిపోవడం, కడుపునుంచి వీపుకు పాకే నొప్పి, 50 దాటాక కొత్తగా షుగరు కనిపించి బరువు తగ్గడం - ఇవి వేరే జబ్బుల్లోనూ రావచ్చు. అయినా డాక్టరుకు చూపించి తీరాలి. కామెర్లే కదా అని పసరు మందుతో వారాలు గడపరాదు. కూలి పోతుందన్న భయంతోనే చాలామంది ఆసుపత్రికి వెళ్ళరు. ఆ రోజు కూలి కోయకండి.

కూలివానికి ఇవ్వవలసింది ఆలస్యం చేయరాదని మన ప్రవక్త (స.అ.సం) బోధించారు. ఆ కూలితో ఇంటిల్లిపాదినీ పోషించుకోవాలంటే అతని ఒంట్లో ఆరోగ్యం ఉండాలి కదా! ఈ మూడు పనులకూ పెద్ద ఖర్చేమీ లేదు, మనసుంటే చాలు. అల్లాహ్ మనందరికీ ఆ మనసు ప్రసాదించుగాక. ఆమీన్.