చెల్లని సెక్షన్, ఆగని కేసులు



ఈ ఉపన్యాసం ఎవరి పేరున ఏర్పాటైందో ఆ పెద్దాయన జీవితమంతా మేజిస్ట్రేట్ కోర్టుల్లోనే వాదించారు. అందుకే ఇంటర్నెట్ చట్టాల మీద మాట్లాడమన్నప్పుడు ఒక గొప్ప తీర్పును పొగిడి ఊరుకోబుద్ధి కాలేదు. ఆ తీర్పు పోలీస్ స్టేషన్ దాకా చేరిందా అన్నదే నన్ను వేధించే విషయం.

ఐటీ చట్టం 2000లో వచ్చింది. 2008 నాటి సవరణతో చేరిన 66ఎ సెక్షన్ 2009 అక్టోబరు 27 నుంచి అమలైంది. కంప్యూటర్ నుంచో ఫోన్ నుంచో తీవ్ర అభ్యంతరకరమైన మాట పంపితే మూడేళ్ల దాకా జైలు. అబద్ధమని తెలిసీ ఎదుటివారికి చిరాకో అసౌకర్యమో కలిగించాలని పంపినా అంతే. ఎవరికి చిరాకు, ఎంత చిరాకు? చట్టం చెప్పలేదు. ఆ భాష వేళ్లు 1935 నాటి బ్రిటిష్ తపాలా సవరణ చట్టంలో, టెలిఫోన్ సందేశాల కోసం రాసుకున్న నిబంధనలో ఉన్నాయి.

2012 నవంబరులో బాల్ ఠాక్రే మరణానంతరం బంద్ ఎందుకని మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక అమ్మాయి ఫేస్‌బుక్‌లో రాసింది. స్నేహితురాలు లైక్ కొట్టింది. ఇద్దరినీ అరెస్టు చేశారు. లైక్ కొట్టినందుకు అరెస్టు! దాంతో శ్రేయా సింఘాల్ అనే యువతి సుప్రీంకోర్టుకు వెళ్లారు. మన దగ్గరా ఇదే జరిగింది. 2013 మేలో చీరాల ఎమ్మెల్యే మీద ఫేస్‌బుక్‌లో రాసినందుకు ఒక పౌరహక్కుల కార్యకర్తను, స్వయంగా న్యాయవాదిని, జైలుకు పంపారు. అదే నెల 16న సుప్రీంకోర్టు, పై అధికారుల అనుమతి లేనిదే 66ఎ కింద అరెస్టులు కుదరవంది.

2015 మార్చి 24న జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్‌ల ధర్మాసనం ఆ సెక్షన్‌ను పూర్తిగా కొట్టేసింది. చలమేశ్వర్ గారు మన కృష్ణా జిల్లావారు. తీర్పు రాసింది నారిమన్. చర్చించడం, ఒక అభిప్రాయాన్ని గట్టిగా చాటడం వేరు, జనాన్ని రెచ్చగొట్టడం వేరని అందులో విడమరిచారు. నాకు మరీ నచ్చింది ఇంగ్లండ్ ఉదాహరణ. మంచు వల్ల విమానాశ్రయం మూతపడితే, త్వరగా తెరవకపోతే పేల్చేస్తానని 2010లో ఒకాయన ట్వీట్ చేశాడు. కింది కోర్టు శిక్ష వేసింది, 2012లో హైకోర్టు రద్దు చేసింది. ఒకే మాట మీద న్యాయమూర్తులే రెండు రకాలుగా తేలిస్తే, ఆ మాట నేరమో కాదో మామూలు పౌరుడికి ముందే ఎలా తెలుస్తుంది?

ఇంత జరిగాక ఆ సెక్షన్ కనుమరుగు కావాలి. కాలేదు. తీర్పు ప్రతులను హైకోర్టులకు, ప్రధాన కార్యదర్శులకు, వారి ద్వారా డీజీపీలకు పంపమని 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. అయినా 2021 మార్చి నాటికి 11 రాష్ట్రాల జిల్లా కోర్టుల్లో 745 కేసులు నడుస్తూనే ఉన్నాయని పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ కోర్టు ముందుంచింది. ఇదెలా సాధ్యమంటే, అప్పటి అటార్నీ జనరల్ వేణుగోపాల్ చెప్పిన కారణం చూడండి. చట్టం అచ్చుపుస్తకంలో 66ఎ యథాతథంగా ఉంటుంది, కొట్టేశారన్న సంగతి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఎఫ్ఐఆర్ రాసే అధికారి కళ్లు సెక్షన్ మీద పడతాయి గానీ పేజీ అడుక్కి దిగవు. ఆ చిన్న అక్షరాల మూల్యం, కేసులో ఇరుక్కున్న కుర్రాడికి వాయిదాలు, పోయిన కూలి, పాస్‌పోర్టుకు అడ్డంకి.

2022 అక్టోబరు 12న సుప్రీంకోర్టు, 66ఎ ఉల్లంఘన పేరుతో ఎవరినీ విచారించకూడదంది. ఆ సెక్షన్‌ను అచ్చువేసే ఏ పుస్తకమైనా అది రాజ్యాంగ విరుద్ధమని పాఠకుడికి స్పష్టంగా తెలపాలనీ ఆదేశించింది. ఏడేళ్లు పట్టింది ఈ మాటకు.

ఇంటర్నెట్‌లో వేధింపులు లేవని నేననడం లేదు. ఆడపిల్లల ఫొటోలు మార్చి పెట్టేవారిని, మతాల మధ్య చిచ్చుపెట్టేవారిని పట్టుకోవాల్సిందే. వాటికి ఐటీ చట్టంలో 66ఇ, 67 ఉన్నాయి, భారతీయ న్యాయ సంహితలో 196 ఉంది. కానీ 66ఎ స్థానంలో వీటిని ఎడాపెడా వాడడం మొదలైతే మళ్లీ మొదటికొస్తాం.

జూనియర్ మిత్రులకు ఒక్క మనవి. పోస్టు పెట్టినందుకు రిమాండ్‌కు తెస్తే ముందు పోస్టు పూర్తి పాఠం చూపమనండి, ఎవరో చెప్పిన సారాంశం కాదు. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరమైతే అరెస్టు ఎందుకు అవసరమైందో రాతపూర్వక కారణాలు అడగండి. ఈ నియమాన్ని చెప్పిన 2014 నాటి అర్నేశ్ కుమార్ తీర్పు ప్రతిని చేతిలో ఉంచుకోండి. మేజిస్ట్రేట్ గారు సంతకం పెట్టకముందే లేచి నిలబడండి.