మా పక్షుల లెక్క పుస్తకము

(సంఘము ఉగాది సభలో చదివిన ప్రసంగము)



కార్యదర్శిగారు మమ్ములను ఈ సభలో పక్షులను గురించి పది నిమిషములు మాట్లాడుమన్నారు. ఉగాదినాడు పక్షి అనగానే అందరికీ కోయిల గుర్తు వచ్చును. కనుక మేమును అక్కడనే మొదలుపెట్టెదము. మన కవులు కోయిలమ్మ పాడినదని వ్రాయుదురు. పాడునది అమ్మ కాదు, అయ్య. మగకోయిల ఒళ్ళంతా నలుపు, కన్ను ఎరుపు. ఆడది గోధుమవన్నె మీద తెల్లని చుక్కలతో ఆకుల చాటున ఉండును. అది కీచుమని అరచునే గాని పాడదు. ఇంకొక మాట. కోయిల చైత్రమాసములో ఎక్కడనుండియో వచ్చునని చాలమంది అనుకొందురు. మన ఖుర్దా రోడ్ కాలనీలో అది సంవత్సరమంతా ఉన్నది. చలికాలములో నోరు మెదపదు కనుక మనకు లేనట్లే. ఉన్నదానిని లేదనుకొనుటయే మనుష్యుల స్వభావమని ఆ పక్షి మాకు మొదటి పాఠము చెప్పినది.

మేము ఏడుగురము. అందులో గుమాస్తాలము ముగ్గురము, ఒక గార్డుగారు, ఇద్దరు ఫిట్టర్లు, పని విరమించిన ఒక మాస్టారు. మాలో పక్షిశాస్త్రము చదివినవారు ఎవరును లేరు. మా చదువు మెట్రిక్కుతో సరి. అయితే పుస్తకము వ్రాయుట మాకు వచ్చును. నాలుగేండ్ల క్రిందట ఒక పాత లెడ్జరు తీసికొని గీతలు గీసినాము. తేదీ, స్థలము, పక్షి, ఎన్ని, చూచినవారి సంతకము. ప్రతి నెల రెండవ ఆదివారము తెల్లవారుజామున చెరువుగట్టు మీదుగా వరిచేల వరకు నడచి వచ్చి, టీ తాగి, చూచినది చూచినట్లు వ్రాయుదుము. అందరికీ కలిపి దుర్భిణి ఒకటే. వంతులవారీగా చూతుము. తెలియని పక్షి వచ్చినచో ‘తెలియదు’ అని వ్రాయవలెను. ఒకసారి వ్రాసినది కొట్టివేయరాదు. తప్పు తేలినచో ఎర్రసిరాతో ప్రక్కన సరిదిద్ది సంతకము చేయవలెను. ఇది ఆఫీసులో నేర్చిన పద్ధతియే.

పేర్ల కొరకు మూడు గళ్ళు పెట్టినాము. ఒకటి తెలుగు, ఒకటి ఒడియా, ఒకటి ఇంగ్లీషు. మన పిల్లలు బడిలో మాఛరంకా అందురు, పుస్తకములో కింగ్‌ఫిషర్ అని చదువుదురు. లకుముకి పిట్ట అనగా వారికి తెలియదు. తెలుగు గడి నింపుటకు మేము మన కాలనీలోని పెద్దమ్మల దగ్గరకు వెళ్ళినాము. ఫోటో చూపగానే జెముడుకాకి అనియు, నీటికాకి అనియు, గిజిగాడు అనియు వారు చకచక చెప్పినారు. శ్రీకాకుళము వైపునుండి కోడలిగా వచ్చి ఏబదియేండ్లయిన ఒక మామ్మగారు, ఈ పేర్లు మరల నోటవచ్చి ఎన్నాళ్ళయినదో నాయనా అని కన్నులు తుడుచుకొన్నారు. ఇంకను ఖాళీ గళ్ళు చాల ఉన్నవి. ఈ సభలోని పెద్దలు దయచేసి వాటిని నింపవలెను.

ఇక ఈ సంవత్సరము చూచిన సంగతులు చెప్పెదము.

జ్యేష్ఠమాసములో తొలి మబ్బులతో చాతకము వచ్చినది. నలుపు తెలుపుల పక్షి. తలమీద చిన్న కుచ్చు. వానచినుకు తప్ప మరొక నీరు తాగదని మనవారు అందురు. మేము చూచినప్పుడు అది తుమ్మచెట్టు మీద గొంగళిపురుగులను ఏరి తినుచున్నది. చాతకములలో కొన్ని ఋతుపవనముతో పాటు ఆఫ్రికానుండి సముద్రము దాటి మన దేశమునకు వచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. కోయిల కాకిగూటిలో గ్రుడ్డు పెట్టినట్లే ఇదియు పరుల గూటిలోనే పెట్టును.

ఆషాఢములో మా పుస్తకములో పెద్ద తప్పు పడినది. దానిని దాచము. వానలు పట్టిన వారము దినములకు కాలనీ వెనుక చేలలో తెల్లని పెద్ద కొంగలు గుంపుగా దిగినవి. రెక్కల అంచు నలుపు. ముక్కు మూసినను పై దవడకు క్రింది దవడకు మధ్య సందు కనబడును. మేము సంతోషము పట్టలేక ‘సైబీరియా కొంగలు’ అని వ్రాసి సంతకము చేసినాము. మన ఇచ్ఛాపురము ప్రక్కన తేలుకుంచి గ్రామములో ఈ కొంగలే ఏటేట దిగును. వాటిని సైబీరియా పక్షులని మనవారందరు చెప్పగా చిన్ననాటినుండి విన్నాము.

మాస్టారు పుస్తకము చూచి కళ్ళజోడు తీసి, “ఏమోయ్, పక్షి సైబీరియానుండి మన దేశానికి ఎందుకు వస్తుంది?” అన్నారు.

“అక్కడి చలికి తాళలేక, మాస్టారూ,” అన్నాము.

“ఆషాఢమాసంలో అక్కడ ఏ చలి?”

మేము నీళ్ళు నమిలినాము.

అది నత్తగుల్ల కొంగ. ఒడియావారు గెండాలియా అందురు. మన దేశపు పక్షియే. వానలు పడి చేలు నిండగానే నత్తలు పుట్టుకొని వచ్చును. ఆ సందుముక్కుతో నత్తను పట్టి, గుల్లలోని కండను లాగి తినును. పిల్లల ముక్కుకు సందు ఉండదు, పెరిగినకొలది ఏర్పడును. నత్తలు ఉన్న కాలములోనే గూడు కట్టి పిల్లలను పెంచి, నీళ్ళు తీయగానే పిల్లలతో మరియొక చోటికి పోవును. తేలుకుంచికి వచ్చునది చలికి వెరచి కాదు, కాన్పుకు. టెక్కలి దగ్గరి తేలినీలాపురములో శీతాకాలమున గూళ్ళు పెట్టు గూడబాతులును, ఎర్రకాళ్ళ కొంగలును అంతే. ఆ గ్రామముల ప్రజలు వాటిని పుట్టింటికి పురుటికి వచ్చిన ఆడపడుచులవలె చూచుకొందురు. ఇంటి ముంగిట చింతచెట్టు మీద గూళ్ళు పెట్టినను, రెట్టలతో వాకిలి తెల్లబారినను రాయి విసరరు. సైబీరియా అని చెప్పినది పొరపాటు కావచ్చును. ఆ మర్యాద మాత్రము పొరపాటు కాదు. మేము ఎర్రసిరాతో సరిదిద్ది ఏడుగురము సంతకము చేసినాము.

విజయదశమినాడు పాలపిట్టను చూచుట మన ఆచారము. ఒడియావారు దానిని భదభదలియా అందురు. అది తెలంగాణకు రాష్ట్రపక్షి, మనమున్న ఒడిశాకును రాష్ట్రపక్షి. కూర్చున్నప్పుడు మట్టిరంగుగా ఉండి, ఎగిరినప్పుడు రెక్కలలో నీలమంతయు విప్పును. కొన్ని పట్టణములలో పండుగ దినమున దానిని పట్టి, రెక్కలు కత్తిరించి, పంజరములో పెట్టి ఇంటింట చూపి డబ్బులు తీసికొందురు. అట్టి దర్శనము వలన పుణ్యము వచ్చునా? మొన్నటి దసరాకు మేము పిల్లలను వెంటబెట్టుకొని సిగ్నలు దాటి చేలగట్టుకు వెళ్ళినాము. గంటసేపు ఏమియు కనబడలేదు. పిల్లలు విసిగినారు. తిరుగుముఖము పట్టినప్పుడు రైలుతీగల మీద రెండు కూర్చుండి కనబడినవి. పిల్లలు వేసిన కేకలకు ఎగిరినవి. ఆ సంతోషము పంజరము చూచినవారికి రాదు.

ఇక చిలికా. మన పూర్వులు చాలమంది ఈ తీరము వెంట రైలుదారి పడిన తరువాత పనుల కొరకు వచ్చినవారే. రంభ, బాలుగావ్ మీదుగా బండిలో పోవునప్పుడు ఆ సరస్సు కిటికీలోనుండి చూడని వారు మనలో లేరు. దిగి చూచినవారు తక్కువ. 1981లో రామ్సార్ ఒప్పందము క్రింద మన దేశమునుండి మొదట చేర్చిన రెండు చిత్తడినేలలలో చిలికా ఒకటి. నడుమనున్న నలబణ దీవిని 1987లో పక్షుల అభయారణ్యము చేసినారు. మధ్యకాలములో సముద్రపు ముఖము పూడిపోయి, ఉప్పునీరు తగ్గి, కలుపు పెరిగి, చేపలు తరిగి సరస్సు చెడినది. 2000 సంవత్సరములో కొత్త ముఖము త్రవ్విన తరువాత తేరుకొన్నది. ఏటేట జనవరిలో అటవీశాఖవారు పక్షులను లెక్కించుదురు. 2023లోను, 2024లోను ఆ లెక్క పదకొండు లక్షలు దాటినది.

పుష్యమాసములో మేము ఏడుగురము, పిల్లలు నలుగురు తెల్లవారుజాము పాసింజరులో కాలుపడా ఘాట్‌లో దిగి మంగళాజోడి వెళ్ళినాము. చిలికా ఉత్తరపు అంచున రెల్లు, తుంగ నిండిన బురదనేల అది. ఒకప్పుడు ఆ ఊరు పక్షుల వేటకు పేరుపడినది. 2000 ప్రాంతములో కొందరి బోధ వలన వేటగాండ్రే మనసు మార్చుకొని మహావీర్ పక్షి సురక్షా సమితిగా ఏర్పడి కాపలా పట్టినారు. ఏ రెల్లుచాటున ఏ పక్షి ఉండునో వేటగానికంటె తెలిసినవారెవరు? అదే తెలివి నేడు పడవలు నడుపుటలో వారికి అన్నము పెట్టుచున్నది. మా పడవవాడు గడకర్ర ఆపి వ్రేలు చూపిన చోటనెల్ల పక్షి ఉన్నది.

అక్కడ చక్రవాకములను చూచినాము. కావ్యములలో రాత్రి ఎడబాసి ఏడ్చునని చదివిన పక్షి, కుంకుమ పసుపు కలిపిన వన్నెతో బురదగట్టు మీద జంటగా నిలుచున్నది. టిబెట్టు, లడఖు సరస్సుల వైపునుండి వచ్చును. సూదితోక బాతులు వందలుగా ఉన్నవి. మగదాని తల ముదురు గోధుమరంగు, మెడవెంట తెల్లని చార, తోక సూదివలె పొడుగు. ఇవి నిజముగా సైబీరియానుండియు, ఆ ఉత్తరదేశములనుండియు హిమాలయములు దాటి వచ్చినవి. మా పెద్దబ్బాయి వాటిని పదులు పదులుగా కట్టి లెక్కించి, తన చేతితో పుస్తకములో వ్రాసి, మొదటిసారి సంతకము చేసినాడు.

ఇంతవరకు చెప్పినది వేడుక. ఇక చెప్పునది మా ఇంటి సంగతి. చెప్పుటకు సిగ్గుగానే ఉన్నది.

మేము తిరిగి వచ్చిన వారమునకు ఒక సాయంకాలము ఒకడు గోనెసంచితో మా క్వార్టరు గుమ్మములోనికి వచ్చినాడు. మనకు కొత్తవాడు కాదు. చలికాలములో చీకటి పడువేళ వచ్చి ‘నీటికోళ్ళు’ అని మెల్లగా పిలుచును. మా నాయనగారి కాలమునుండి మన వాకిళ్ళకు అట్టివారు వచ్చుచున్నారు. మా ఇంట సంక్రాంతికి ఆ కూర వండినారు. మేమును తిన్నాము. నాలుగేండ్లుగా మానినాము గాని, కొనువారిని ఒక్కనాడైనను వారించలేదు. ఇరుగుపొరుగువారితో మాట పట్టింపు ఎందుకని ఊరకున్నాము.

ఆనాడు వాడు సంచి విప్పినాడు. రెక్కలు మెలిపెట్టి, కాళ్ళు కట్టిన నాలుగు బాతులు. ఒకటి ఇంకను కన్ను ఆర్పుచున్నది. మా పెద్దబ్బాయి వంగి చూచి, “నాన్నా, సూదితోక!” అన్నాడు. మేము మాటాడలేదు. “మన పుస్తకంలో వ్రాసినవాటిలోదేనా? అయితే లెక్కలో నాలుగు తగ్గించాలా?” అన్నాడు.

ఆ ప్రశ్నకు మేము ఇంతవరకు జవాబు చెప్పలేదు. వద్దు పొమ్మని వానిని పంపినాము. వాడు ప్రక్క గుమ్మము తట్టినాడు. తలుపు తెరచుకొన్న చప్పుడు విన్నాము. అటవీశాఖవారికి ఆ రాత్రి ఫోను చేయవలసినది. చేయలేదు. ఆ తప్పు మాది. ఎర్రసిరాతో దానిని కూడ పుస్తకములో వ్రాసినాము.

ఆ తరువాత తెలిసికొన్న సంగతులు రెండు చెప్పెదము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఈ పక్షులను పట్టుటయే కాదు, కొనుటయు నేరమే. రెండవది, చిలికాలో వలలతో మాత్రమే పట్టరు. పురుగుమందు కలిపిన ఎర చల్లి చంపువారును ఉన్నారు. ఆ విషము పక్షితో పాటు పళ్ళెములోనికి వచ్చును. మన పిల్లలకు పెట్టునది అదియని తెలిసిన తల్లి ఎవరు వండును?

వేటగాండ్ర ఊరు వేట మానినది. ఉద్యోగస్తుల కాలనీ కొనుట మానలేదా అని రేపు పిల్లలు అడిగిన మనకు ముఖము చెల్లదు. తేలుకుంచి, తేలినీలాపురము మన ఊళ్ళే. వచ్చిన పక్షికి నీడనిచ్చుట అక్కడి మన చుట్టములకు తెలిసినప్పుడు ఇక్కడ మనకు తెలియకపోవుటేమి? పొట్టకూటికి ఊరు విడిచి వచ్చినవారికి ఇంకొక ఊరు చోటిచ్చుట ఎంత గొప్పదో మనకంటె ఎరిగినవారు లేరు.

కనుక ఈ సభను మేము కోరునది ఒక్కటే. మన సంఘములోని ఏ ఇంటను అడవిపక్షి కూర వండబోమని ఈ ఉగాదినాడు పెద్దలు ఒక తీర్మానము చేయవలెను. సంచివాడు వచ్చినప్పుడు ఒక్క తలుపైనను తెరచుకొనకుండునట్లయిన, వచ్చే ఏడు వాడు రాడు.

మా పుస్తకము సంఘము చదువుగదిలో ఉంచినాము, ఎవరైనను చూడవచ్చును. రెండవ ఆదివారము పిల్లలను పంపుడు. ఎండలు ముదురుచున్నవి కనుక ప్రతి ఇంటి గోడమీద ఒక మూకుడుతో నీళ్ళు పెట్టుడు. ఫాల్గుణములో బాతులు తిరిగి ఉత్తరమునకు పోయినవి. కార్తికములో మరల వచ్చును. మా అబ్బాయి ఇప్పటినుండియే వాటి కొరకు ఒక పేజీకి గీతలు గీసి పెట్టినాడు. ఆ పేజీలో తగ్గింపు వ్రాయవలసిన అవసరము రాకుండుగాక.