లింఫోమా వ్యాధి – మూలకణ చికిత్స
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఉత్సవసభలో రోగముల మాట యెత్తుట మంగళకరము కాదని కొందరనుకొనవచ్చును. కాని యిరువదియైదేండ్లుగా ఈ గ్రామమునకు చదువు రుచి చూపిన చోటిది. ఇచ్చట చెప్పకున్న మరెచ్చట చెప్పుదును?

మన దేహమున మెడయందును, చంకలయందును, గజ్జలయందును చిన్న గ్రంథులు గలవు. వానిలోని తెల్లకణములు హద్దుమీరి పెరుగుటయే లింఫోమా. ఇందొక రకమును 1832లో లండను వైద్యుడు థామస్ హాడ్జ్‌కిన్ వర్ణించెను. నొప్పిలేని బిళ్ళ కట్టి వారములు గడచినను కరుగకుండుట, జ్వరము, రాత్రి చెమటలు, చిక్కిపోవుట దీని గుర్తులు. చిక్కేమన, క్షయకును ఇవియే గుర్తులు. ముక్క తీసి పరీక్షింపకయే క్షయమందులు మ్రింగించి నెలలు పోగొట్టుట నేటికిని జరుగుచున్నది. కత్తి తగిలిన రోగము పాకునను భయమునకు ఈ వ్యాధిలో ఆధారము లేదు. ముక్క తీయనిదే రోగము పేరు తెలియదు. పేరు తెలియనిదే మందు లేదు.

మొదటి చికిత్స మందులతోనే. మన పెరడులలో పూచెడు బిళ్ళగన్నేరు నుండి 1958లో కెనడా శాస్త్రజ్ఞులు విన్‌బ్లాస్టిన్ అను మందును వేరుచేసిరి. దానిని నేటికిని వాడుచున్నారు. (ఆకు నమిలి చూడబోకుడు, అది విషము.) పెక్కుమందికి మందులతోనే నయమగును. తిరుగబెట్టినవారి కథ వేరు. మోతాదు మిక్కిలి పెంచిన రోగకణములు చచ్చును గాని, రక్తమునకు తల్లియైన మూలుగయు చచ్చును. అందుచేత రైతు విత్తనమును ముందే పాతర వేసికొన్నట్లు, రోగి మూలకణములను ముందే తీసి దాచుదురు. మూలుగ మార్పిడికి దారి తీసిన అమెరికా వైద్యుడు డానల్ థామస్‌కు 1990లో నోబెల్ బహుమానము లభించెను. మన దేశమున 1983లో బొంబాయి టాటా ఆసుపత్రిలో ఈ మార్పిడి మొదలయ్యెను.

ఇందు ఎముక కోయుట లేదు. నాలుగైదు దినములు సూదిమందు ఇచ్చిన మూలకణములు రక్తములోనికి వచ్చును. యంత్రముతో వానిని వేరుచేసి అతిశీతలమున నిలువచేయుదురు. పిదప ఆరు దినములు ఘాటైన మందులు. తరువాత కణములను రక్తము ఎక్కించినట్లే నరములోనికి ఎక్కింతురు. నిలువచేసిన ద్రవమువలన గదియంతయు వెల్లుల్లి వాసన కొట్టును! అవి మూలుగ చేరి మొలకెత్తుటకు పది, పదునాలుగు దినములు పట్టును. కష్టకాలమదియే. నోరు పుండగును, జ్వరము వచ్చును, తెల్లకణములు సున్నకు దిగును. పరామర్శకని బంధువులు గుంపుగా పోవుట రోగికి అపకారము.

ఫలితమెట్టిదందురా? తీవ్రమైన లింఫోమా తిరుగబెట్టియు మందుకు లొంగినవారిపై జరిగిన పరిశోధనను 1995లో ప్రకటించిరి. అయిదేండ్లకు రోగము మరల రాక నిలిచినవారు ఈ చికిత్స పొందినవారిలో నూటికి 46, మందులు మాత్రమే పొందినవారిలో 12. ఇది అందరికిని తగదు, అందరిని రక్షింపదు. అయినను ఆ భేదము సామాన్యమైనది కాదు.

చెల్లెలిని కేన్సరునకు కోల్పోయిన డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు 1954లో మద్రాసు అడయారున కేన్సరు ఆసుపత్రి స్థాపించిరి. అది నేడు ప్రాంతీయ కేన్సరు కేంద్రము; హైదరాబాదున మెహదీ నవాజ్ జంగ్ పేరిటి సంస్థయు అట్టిదే. ఇట్టి ఆసుపత్రిలో పడక దొరికిన చాలదు. ఆ రెండు వారములు రోగికి ప్లేట్‌లెట్లు కావలెను. అవి అయిదు దినములకన్న ఎక్కువ నిలువయుండవు గనుక దాతలు అప్పటికప్పుడు రావలెను. పదునెనిమిదేండ్లు నిండి, యాబది కిలోల బరువు మించిన ఆరోగ్యవంతులు ఈయవచ్చును. మూడు దినములలోపల ఆస్పిరిన్ మ్రింగియుండరాదు. సభానంతరము పత్రికల బల్లమీద ఒక పుస్తకముంచెదరు. ఇష్టమున్న యువకులు పేరును, రక్తవర్గమును అందు వ్రాయగలరు.