పరుల బిడ్డకు మన యింట చోటు



కన్న ప్రేమకంటె పెంచిన ప్రేమ మిన్న యని మన పెద్దలు అనుచుందురు. దేవకి కన్న బిడ్డను యశోద పెంచినది. కన్నవారు విడిచిన శకుంతలను కణ్వుడు పెంచినాడు. సూతుని యింట పెరిగిన కర్ణుడు, తన జన్మరహస్యము తెలిసిన పిమ్మటను, పెంచిన తల్లి పేరిట రాధేయుడనియే చెప్పుకొనెను. ఈ కథలు మనకు ఉగ్గుపాలతో వచ్చినవి. అయినను పరుల బిడ్డను ఇంటికి తెచ్చుకొనుట యన్నంతనే మనకు తోచునది దత్తత యొక్కటియే. నేడు నేను ముచ్చటింపబోవునది దత్తతను గూర్చి కాదు. దానికి తోబుట్టువు వంటిదై, దానికంటె ఒక విధముగా కఠినమైన కార్యమును గూర్చి. ఆంగ్లమున దీనిని ఫాస్టర్ కేర్ అందురు. మనము పెంపుడు సంరక్షణ యనుకొందము.

ఈ రెంటికిని భేదమేమి? దత్తు వచ్చిన బిడ్డకు ఆ యింటి పేరు, ఆ యింటి వారసత్వము శాశ్వతముగా సంక్రమించును. పెంపుడు సంరక్షణలో అట్లు కాదు. తండ్రి కారాగారమున ఉండవచ్చును. తల్లి మనోవ్యాధితో ఆసుపత్రిలో ఉండవచ్చును. బిడ్డకు కన్నవారు కలరు. కాని ప్రస్తుతము పెంచగల స్థితిలో లేరు. మరికొందరికి ఎవరును లేకపోయినను, వయసు మీరినదను కారణమున దత్తత తీసికొనువారు దొరకరు. అట్టి బిడ్డలు ఆశ్రమములలో పలువురిలో ఒకరై పెరుగుటకంటె, ఒక కుటుంబములో పెరుగుట మేలను భావముతో 2015వ సంవత్సరపు బాలల న్యాయ చట్టము తన 44వ సెక్షనులో ఈ యేర్పాటు గావించినది.

ఆ సెక్షనులోని కొన్ని మాటలు గమనింపదగినవి. తోబుట్టువులను వీలైనంతవరకు విడదీయక ఒకే యింట ఉంచవలెను. బిడ్డ చదువు, ఆరోగ్యము, ఆహారము పెంచువారి బాధ్యత. బిడ్డ మేలుకు భంగము లేనిచో, కన్నవారు వచ్చి చూచిపోవచ్చును. వారు పెంచగలవారైరని బాలల సంక్షేమ సమితి నిర్ణయించిననాడు, బిడ్డ వారియింటికి తిరిగి పోవచ్చును. ఈ చివరి మాటయందే ఈ కార్యముయొక్క గొప్పతనమును, కష్టమును కూడ ఇమిడియున్నవి.

ఇటీవల కృష్ణాతీరమున ఒక చిన్న పట్టణములో ఒక ఉపాధ్యాయుని యింటికి వెళ్లితిని. కుమార్తెకు పెండ్లియై అత్తవారింటికి పోగా, ఆ దంపతులు తొమ్మిదేండ్ల బాలుని పెంపుడు సంరక్షణకు తీసికొనిరి. వాని తల్లి ఆసుపత్రిలో ఉండెను, తండ్రి లేడు. మొదటి నెల వాడు తలగడ క్రింద ఇడ్లీలు దాచుకొనెడివాడట. ఇల్లాలు చూచియు చూడనట్లుండి, వాని మంచము ప్రక్కన జంతికల డబ్బా యొకటి పెట్టి, దాని మూత తీయుటకు ఎవరిని అడుగనక్కరలేదని చెప్పినది. క్రమముగా వాడు దాచుట మానుకొనెను. ఆమెను అమ్మా యని పిలువుమని ఇరుగుపొరుగువారు వానికి నేర్పబోగా ఆమె వారించి, “పిన్నీ అని పిలు నాయనా. అమ్మ అనే పిలుపు మీ అమ్మకే ఉండనీ” అన్నదట.

ఏడాదిన్నరకు తల్లి కోలుకొన్నది. సమితి ఉత్తరువు వచ్చినది. ఆ దినమును తలచుకొని ఉపాధ్యాయుడు నాతో ఇట్లనెను: “ఆమెకు నయం కాకుంటే బాగుండునని మనసులో ఒక మూల అనుకున్నానండీ. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే సిగ్గేస్తుంది.” ఆయన భార్య ఏమియు అనలేదు, లోనికి వెళ్లి నాకు మంచినీరు తెచ్చినది. గోడమీద బాలుని ఎత్తు గుర్తించిన గీతలు అట్లే యున్నవి. వాడు వెళ్లునాడు జంతికల డబ్బా కూడ పంపినదట. అందులో ఈసారి వాని తల్లికి సరిపడునవి కూడ పెట్టినది.

ఆ సిగ్గును దాచక చెప్పిన ఆయనను నేను తక్కువగా తలంపలేదు. ప్రేమించినవానికి ఆ కోరిక కలుగుట సహజము. కలిగినను బిడ్డ చేయి పట్టుకొని తల్లికి అప్పగించుటయే ధర్మము. కణ్వుడు కంట తడి పెట్టియే శకుంతలను సాగనంపెను గదా!

ఇట్టి బాధ్యతకు పూనుకొనదలచినవారు తమ జిల్లాలోని బాలల పరిరక్షణ విభాగమును సంప్రదింపవలెను. సామాజిక కార్యకర్త ఇంటికి వచ్చి విచారించును. సమితి ఉత్తరువుతో బిడ్డ వచ్చును. తరువాతను తనిఖీలు జరుగుచుండును. వానిని అనుమానముగా గాక, బిడ్డకు రక్షణగా భావింపవలెను. 2024వ సంవత్సరపు మార్గదర్శకములు ఒంటరి స్త్రీ పురుషులకును అవకాశము కల్పించినవి. అయితే ఒంటరి పురుషునికి మగపిల్లలను మాత్రమే అప్పగింతురు. దత్తతకు అర్హుడైన బిడ్డను పెంచినవారే దత్తు కోరుటకు వెనుక ఐదేండ్లు వేచియుండవలసి వచ్చెడిది. ఆ గడువును రెండేండ్లకు తగ్గించిరి. 2022లో వెలువడిన మిషన్ వాత్సల్య నియమములలో బిడ్డకు నెలకు రూ. 4,000 సహాయము చూపబడినది. ఆ సొమ్ము బిడ్డది. మన యాదాయము కాదు. ఇంటిపనికి ఒక చేయి దొరకునను తలంపున్నవారు ఈ గడప తొక్కరాదు.

దరఖాస్తు వ్రాయుటకు ముందు ఇంటిల్లిపాదియు కూర్చుండి తమను తాము ఒక్క ప్రశ్న వేసికొనవలెను. బిడ్డను ప్రేమింపగలమా యని కాదు. అది చాలమందికి చేతనగును. వాని తల్లి కోలుకొని గుమ్మమున నిలిచిననాడు, ఆమెను లోనికి రమ్మని పిలిచి పీట వేయగలమా? తడబడుచునైనను అవునని చెప్పగల యిల్లు ఏ వీధిలోనున్నను, ఒక బిడ్డకు అందు చోటున్నట్లే.