దినచర్యలో మంత్రజపము



మంత్రజపమును గుఱించి పెద్దలగు మీకు నేను క్రొత్తగా చెప్పదగినది లేదు. ఐనను నలువదేండ్లుగా జపము చేయుచున్నవాడను. అందు నేను చేసిన పొరపాటొకటి విన్నవించినచో ఎవరికైనను ఉపకరింపవచ్చునని తలంచుచున్నాను.

జపము మూడు విధములు. ఇతరులకు వినబడునట్లు పలుకుట వాచికము. పెదవులు మాత్రమే కదలుట ఉపాంశువు. మనస్సునందే సాగునది మానసము. విధియజ్ఞముకంటె మొదటిది పది రెట్లును, రెండవది నూఱు రెట్లును, మూడవది వేయి రెట్లును అధికమని మనుస్మృతి చెప్పుచున్నది. మానసమునకు అంతటి గౌరవమేల కలిగెనో నాకు చాలకాలము బోధపడలేదు.

చిత్రావతీతీరమందలి పుట్టపర్తి కరవుసీమలోని యూరు. అచట 1950 నవంబరు 23న ప్రశాంతినిలయము ప్రారంభమయ్యెను. వేకువను 21 మార్లు ఓంకారము, పిదప సుప్రభాతము, నగరసంకీర్తనము, ఉదయసాయంకాలములందు భజన, ఇది అచటి నిత్యక్రమము. సత్యసాయిబాబావారు 2011 ఏప్రిల్ 24న దేహము చాలించిరి. ఆ క్రమము మాత్రము నేటికిని నిలిచియున్నది. ఆ ప్రాంతమున ఉపాధ్యాయుడనై యున్నప్పుడు ఆ నియమము చూచి ముచ్చటపడి, నేనును వేకువను వేయిన్నెనిమిది గాయత్రి చేయ నారంభించితిని. క్రమముగా సంఖ్యమీద అభిమానము పెరిగెను.

ఒక వేసవి యూరిబావులన్నియు ఎండెను. మా పెరటి చేదబావిలో మాత్రము కొంచెము నీరుండెను. ఒకనాటి వేకువను పొరుగు ఇల్లాలు కడవతో వచ్చి, "అయ్యవారూ, బిడ్డకు జ్వరము, రెండు చేదల నీళ్లు తోడుకొందునా?" అని తలుపు వెలుపలనుండి పిలిచెను. నా లెక్క అప్పటికి ఏడువందలు దాటియుండెను. లేచినచో సంఖ్య చెడునని కదలనైతిని. జపము ముగించి గడియ తీయునప్పటికి ఆమె లేదు. ఏటిలో చెలమ త్రవ్వి నీరు తెచ్చుకొనునప్పటికి ప్రొద్దెక్కినదని సాయంకాలము తెలిసెను. దైవకృపచే బిడ్డ కోలుకొనెను. కాని ఆ పిలుపు నేటికిని నా చెవులయందున్నది.

మానసజపము గొప్పతనము నాకు అప్పుడు తెలిసినది. దానికి పీట అక్కఱలేదు, మూసిన తలుపు అక్కఱలేదు. చేతులు నీరు తోడుచుండగా మంత్రము లోపల సాగును. దినచర్యకు మంత్రము కేంద్రమగుట యనగా పనులను మాని కూర్చుండుట కాదు, ప్రతి పనిలోను దానిని తోడుంచుకొనుట.

తరువాతి కాలమున, 1995, 96 సంవత్సరములలో, ఆ సంస్థవారే నాటి అనంతపురము జిల్లాలో 700కు పైగా గ్రామములకు త్రాగునీటి పథకము నిర్మించిరి. 1999లో తపాలాశాఖ దానిపై బిళ్ల వెలువరించెను. ఓంకారము మ్రోగిన చోటనే దాహము తీర్చు గొట్టములును బయలుదేఱుట చూచి, నేను తలుపు తెఱువని ఆ వేకువ తలచుకొని సిగ్గుపడితిని.

ఇప్పుడు నా నియమము చిన్నది. వేకువను నూటయెనిమిది, పావుగంట చాలును. మేల్కొనగనే ఒకమాఱు, భోజనమునకు ముందొకమాఱు, నిద్రకు ముందొకమాఱు స్మరణ. తక్కిన కాలమున నడచుచు, పని చేయుచు మానసము. నడుమ ఎవరైన పిలిచినచో లేచెదను. వారి యక్కఱ తీర్చి, ఆచమనము చేసి, మరల మొదలిడెదను. నాగలి పట్టువారికిని, చల్ల చిలుకువారికిని ఇది సాధ్యమే. దీక్ష లేనివారు ఇష్టదైవనామమును గ్రహింపవచ్చును.

మీ జపవేళ తలుపునకు గడియ వేయకుడని నా ప్రార్థన. సెలవు.