చెక్ దళం వెంట ఎగిరిన యాంటిస్

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఎన్నో వైమానిక దళాలు ఏదో ఒక జంతువును తమ అదృష్టంగా భావించి పెంచుకున్నాయి. వాటిలో నా మనసును పట్టేసింది యాంటిస్ అనే ఆల్సేషన్ కుక్క.

1940లో ఫ్రాన్స్‌లో విమానం కూలినప్పుడు, చెక్ సైనికుడు రాబర్ట్ బోజ్‌డెక్‌కు ఒక పాడుబడ్డ ఇంట్లో ఆకలితో నీరసించిన కుక్కపిల్ల కనిపించింది. చాక్లెట్ కరిగించి వేలితో నాకించాడు. దాన్ని కోటులో దాచుకుని బయటపడ్డాడు.

ఆ తర్వాత ఇద్దరూ బ్రిటన్ చేరారు. బోజ్‌డెక్ అక్కడి వైమానిక దళంలోని 311వ చెకొస్లోవాక్ స్క్వాడ్రన్‌లో గన్నర్. అతను బాంబు దాడికి వెళితే, యాంటిస్ రన్‌వే దగ్గరే కాచుకుని కూర్చునేది. 1941లో ఒక రాత్రి ఎవరికీ తెలియకుండా వెల్లింగ్టన్ విమానంలోకే దూరింది! పైకి వెళ్లేకొద్దీ దానికి ఊపిరాడలేదు. బోజ్‌డెక్ తన ఆక్సిజన్ మాస్కును కాసేపు దానికి, కాసేపు తనకు పెట్టుకుంటూ వచ్చాడు. నిబంధనలు ఒప్పుకోవు, అయినా తోటివాళ్లు కాదనలేదు. అలా ఎన్నోసార్లు ఎగిరింది. రెండుసార్లు ఫిరంగి గుండ్ల ముక్కలు తగిలి గాయపడింది.

యుద్ధం ముగిశాక ఇద్దరూ చెకొస్లోవేకియా వెళ్లారు. 1948లో ఆ దేశం కమ్యూనిస్టుల వశమయ్యాక, ఇద్దరూ కలిసే సరిహద్దు దాటారు. 1949లో యాంటిస్‌కు, యుద్ధంలో సాహసం చూపిన జంతువులకిచ్చే డికిన్ పతకం దక్కింది. దాన్ని బహూకరించింది, అంతకుముందు మన దేశానికి వైస్రాయ్‌గా ఉన్న వేవెల్.