పెట్టెలో దాచడానికా, ఒంటికి తొడగడానికా?

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈవేళ క్రోషా అల్లికల గురించి మీతో నాలుగు మాటలు చెప్పుకుందామని వచ్చాను. "ఇందులో కొత్తగా చెప్పేదేముంది, చిన్నప్పుడే నేర్చుకున్నాం గదా" అనుకోకండి. ముందు నాకో సంగతి చెప్పండి. మీ ఇంట్లో బట్టల పెట్టె అడుగున, కలరా ఉండల వాసన వేస్తూ, మీరో మీ అత్తగారో అల్లిన జాకెట్టో, శాలువో ఒకటైనా ఉందా లేదా? ఉండే ఉంటుంది. దాన్ని ఎన్నిసార్లు తొడుక్కున్నారు? వచ్చిన చుట్టాలకు చూపించడానికి తియ్యడం, మళ్ళీ మడిచి పెట్టడం, అంతేగా!

మా పెట్టెలోనూ ఒకటుంది. మీగడ రంగు దారంతో అల్లిన చేతుల్లేని కోటు. మా అమ్మాయి కాలేజీలో చేరినప్పుడు చుడీదారు మీద వేసుకుంటుందని, ఒక పుస్తకం ముందు పెట్టుకుని అల్లాను. పగలు వంటా వార్పూ, రాత్రి అందరూ పడుకున్నాక ఇదీ. రెండు నెలలు పట్టింది. తీరా తొడిగి చూస్తే ముందు బొత్తాలు కలవలేదు. పాపం పిల్ల నా మొహం చూసి, "పోనీలే అమ్మా, చూడ్డానికి ఎంత బావుందో" అంది. చూడ్డానికి! ఆ మాట నాకు గుచ్చుకుంది. నేను చూడ్డానికి అల్లలేదు, తొడుక్కోడానికి అల్లాను.

తప్పెక్కడ జరిగిందో తరవాత కూర్చుని లెక్క చూసుకున్నాను. నేను పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని, లెక్కలంటే ఇప్పటికీ బెదురే. అయినా ఇది కష్టమైన లెక్క కాదు, మీరూ చూడండి. పుస్తకంలో 4 అంగుళాలకు 24 కుట్లు రావాలని ఉంది. అంటే అంగుళానికి 6. ఛాతీ చుట్టూ 36 అంగుళాలు కావాలి కనక 216 కుట్లు వెయ్యమన్నారు, వేశాను. కాని నా చెయ్యి బిగువు. నాకు 4 అంగుళాల్లో 28 కుట్లు పడ్డాయి, అంటే అంగుళానికి 7. ఇప్పుడు 216ని 7తో భాగించండి. 31 అంగుళాలు కూడా నిండలేదు! అంగుళానికి ఒక్క కుట్టు తేడా. అదే ఒళ్ళంతా తిరిగొచ్చేసరికి 5 అంగుళాలు మింగేసింది.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక మెతుకు పట్టి చూస్తాం కదా. అల్లికకూ అలాగే ముందు మచ్చు చూడాలి. ఏ దారంతో అల్లబోతున్నారో ఆ దారంతోనే, ఆ సూదితోనే, 6 అంగుళాల చదరం ముక్క ఒకటి అల్లండి. అల్లగానే కొలవకండి. ఆ బట్టను రేపు ఎలా ఉతుకుతారో అలాగే ఉతికి, నీడన పరిచి ఆరబెట్టి, అప్పుడు మధ్యలో 4 అంగుళాలు కొలిచి కుట్లు లెక్కపెట్టండి. అంచుల దగ్గర కుట్లు వంకర తిరుగుతాయి కనక అక్కడ కొలిస్తే లెక్క తప్పుతుంది. కుట్లు ఎక్కువ పడితే మీ చెయ్యి బిగువన్న మాట, కాస్త లావు సూది తీసుకోండి. తక్కువ పడితే సన్న సూది తీసుకోండి. అంతేగాని, "ఈసారి వదులుగా లాగుతాలే" అనుకోవద్దు. పది వరసలు పోయేసరికి చెయ్యి తన పాత అలవాటుకే వస్తుంది.

ఈ ముక్క ఇంకో రెండు సంగతులు కూడా చెబుతుంది. రంగు దారమైతే తడి ముక్కను తెల్లగుడ్డలో చుట్టి కాసేపు ఉంచండి. రంగు దిగేదైతే గుడ్డ చెప్పేస్తుంది. రెండోది, ఒక ఉండతో ఇలాంటి చదరాలు ఎన్ని వస్తాయో తెలిస్తే మొత్తం ఎన్ని ఉండలు కావాలో అంచనా కట్టుకోవచ్చు. దారం అంతా ఒకేసారి, ఒకే రంగు కాపులోది కొనాలి. సగంలో అయిపోయి మళ్ళీ కొంటే, షాపులో ఒక్కలాగే కనిపించిన రంగు ఇంటికొచ్చాక ఎండలో వేరుగా కనిపిస్తుంది. మన ఎండలకు ఉన్ని కంటె నూలు దారమే హాయి. దారం నెంబరు పెరిగినకొద్దీ సన్నమవుతుందని గుర్తుంచుకోండి. 40 నెంబరు దారం 20 నెంబరు కంటె సన్నం.

పుస్తకాలతో మరో చిక్కుంది. ఇంగ్లండు పుస్తకాల్లో 'డబుల్' అనే కుట్టును అమెరికా పుస్తకాల్లో 'సింగిల్' అంటారు. ఇంగ్లండువారి 'ట్రెబుల్' అమెరికావారికి 'డబుల్'. మాటొకటే, కుట్టు వేరు! ఒకరి పుస్తకాన్ని ఇంకొకరి లెక్కన చదివితే పొడుగు కుట్టు రావాల్సిన చోట పొట్టి కుట్టు పడుతుంది, జానెడు రావాల్సింది బెత్తెడు వస్తుంది. పుస్తకం మొదట్లో కుట్ల పేర్లు వివరించి ఉంటారు. 'సింగిల్' అన్న మాట కనబడిందా, అది అమెరికా పద్ధతి అనుకోవచ్చు.

ఇక పుస్తకం కాదు, మనవాళ్ళు చేత్తో రాసిచ్చిన నమూనాల సంగతి. మా పక్కవాటాలో ఉండే పిన్నిగారు ఏభై ఏళ్ళుగా అల్లుతున్నారు. జాకెట్టు చేతుల అంచుకు ఒక పువ్వుల నమూనా కాగితం మీద రాసి, "అమ్మాయ్, నువ్వు అల్లి చూడు, బావుంటే నలుగురికీ ఇద్దాం" అన్నారు. 76 గొలుసులు వేసి 13 పువ్వులు అల్లమని రాశారు. ఒక్కో పువ్వుకి 6 కుట్లు, చివర ఒకటి. నేను అల్లితే 12 పువ్వులూ, చివరి కుట్టూ అయ్యాక 3 గొలుసులు మిగిలాయి, పదమూడోది రాలేదు. ఆరు పదమూళ్ళు డెబ్బై ఎనిమిది, ఒకటి కలిపితే 79 కావాలి గదా!

నేను నెమ్మదిగా చెబితే పిన్నిగారు ఒప్పుకోలేదు. "నాకెప్పుడూ సరిగ్గానే వస్తుందే" అన్నారు. సరే, మీరే అల్లండి అని సూది చేతికిచ్చాను. ఆవిడ మాటల్లో పడి అల్లుతూ, చివర మూడు గొలుసులు తనకు తెలియకుండానే కలిపేసుకున్నారు! ఆవిడ చేతికి తెలుసు, కాగితానికి తెలియదు. ఇద్దరం నవ్వుకుని కాగితం దిద్దుకున్నాం.

అందుకే, ఎవరైనా మిమ్మల్ని నమూనా అల్లి చూడమంటే, తప్పు కనబడగానే మీరే సర్దేసుకుని ఊరుకోకండి. ఏ వరసలో ఆగిపోయారో అక్కడ గుర్తు పెట్టండి. ప్రతి వరస చివరా కుట్లు లెక్కపెట్టి పక్కన రాయండి. మొహమాటపడి "బావుంది పిన్నిగారూ" అనేస్తే, తరవాత ఆ కాగితం నమ్ముకున్న పదిమంది పది రాత్రులు వృథా చేసుకుంటారు.

వృథా అన్నాను కదా, ఆ మాట దగ్గర కాస్త ఆగుతాను. మా పుట్టిల్లు పాలకొల్లు. పక్కనే నరసాపురం. అక్కడి లేసు పేరు మీరు వినే ఉంటారు. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి జిల్లాలకు వచ్చిన పని అది. దేశదేశాలకు వెళ్ళింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో అరుగుల మీద కూర్చుని అల్లే ఆడవాళ్ళను చూస్తూ పెరిగాను. ఏజెంటు దారం ఇచ్చేవాడు, అల్లింది పట్టుకెళ్ళేవాడు, కూలి చేతిలో పెట్టేవాడు. మారియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఈ స్త్రీలను గురించి రాసిన పుస్తకం 1982లో వెలువడింది. అందులో ఆవిడ ఎత్తిచూపిన సంగతి ఏమిటంటే, గంటల తరబడి పనిచేసినా వాళ్ళను పనివాళ్ళనుకోలేదు, ఇంట్లో ఉండే ఆడవాళ్ళు తీరిక వేళలో చేసుకునే పని కింద జమకట్టారు. అందుకే కూలి అంత తక్కువ.

మనమూ అదే మాట అంటాం. "ఏదో ఊసుపోక అల్లానండీ" అంటాం. రెండు నెలల రాత్రులు ఊసుపోకేనా? మన శ్రమకు మనమే విలువ కట్టకపోతే ఇంకెవరు కడతారు? మచ్చు చూసుకోవడానికి పోయే ఒక్క పూట, మిగిలిన ఏభై తొమ్మిది రోజులకూ కాపలా అనుకోండి. అచ్చమైన క్రోషా ఈనాటికీ చేతితో అల్లవలసిందే. అంతటి పనిని పెట్టె పాలు చెయ్యడం న్యాయం కాదు.

మరి రోజువారీ ఎలా వాడాలంటారా? మొదట, అల్లేది కొంచెంగా అల్లండి. నిలువెల్లా లేసు వేసుకుంటే పెళ్ళికే తప్ప బజారుకు పనికిరాదు. సాదా నేత జాకెట్టుకు చేతుల చివర రెండు అంగుళాల అంచు, లేదా చుడీదారు కమీజుకు మెడ దగ్గర చిన్న యోకు చాలు. పైన అల్లిక ఉంటే చీర సాదాగా ఉండాలి. పెద్ద పూలచీర మీద లేసు జాకెట్టు వేస్తే రెండూ దెబ్బలాడుకుంటాయి.

లేసును బట్టకు కుట్టేముందు రెండింటినీ విడివిడిగా తడిపి ఆరేసుకోండి. లేకపోతే మొదటి ఉతుకులో బట్ట కుంచించుకుని లేసు ముడతలు పడుతుంది. పల్చటి చీర కొంగుకు బరువైన లేసు కుట్టకండి, కొంగు కిందికి లాగేస్తుంది. జల్లెడలాంటి అల్లిక అయితే లోపల అదే రంగు లైనింగు వెయ్యండి. నల్లపూసలు, గాజులు తగులుకునే చోట పెద్ద పెద్ద కన్నాల అల్లిక వద్దు, దగ్గర కుట్లు వెయ్యండి. ఇక ఉతికాక దండెం మీద వేలాడదియ్యకండి. తడి బరువుకు నూలు అల్లిక సాగిపోతుంది. తువ్వాలులో చుట్టి నీళ్ళు అద్ది, మంచం మీద పరిచి, ఆకారం సర్ది ఆరనివ్వండి.

ఈ జాగ్రత్తలన్నీ తీసుకుని మా అమ్మాయికి మళ్ళీ అల్లాను. ఈసారి లావు సూది, సాదా అల్లిక, మట్టి రంగు. ముందు మచ్చు చూశాను, పిల్లను పిలిచి రెండుసార్లు ఒంటికి పెట్టి చూశాను. పూర్తయ్యాక నేనేమీ అనలేదు. ఒక మంగళవారం పొద్దున్న, పండగా లేదు పబ్బమూ లేదు, అది వేసుకుని బస్సెక్కి కాలేజీకి వెళ్ళిపోయింది. సాయంత్రం వచ్చేసరికి ఒక బొత్తం ఊడింది, జేబు దగ్గర సాంబారు మరక. "అమ్మా, కోప్పడకు" అంది. కోపమెందుకు? మరక ఉతికేశాను, బొత్తం కుట్టేశాను. మర్నాడు మళ్ళీ వేసుకెళ్ళింది.

ఆ మీగడ రంగు కోటు ఇప్పటికీ పెట్టెలోనే ఉంది, ఒక్క మరకైనా లేకుండా. ఈ ఆదివారం దాన్ని విప్పేసి ఆ దారంతో జాకెట్టు అంచులు అల్లుదామనుకుంటున్నాను. మీరూ మీ పెట్టెలు ఒకసారి తెరిచి చూడండి. తొడుక్కునేవి ఉంటే బయటికి తియ్యండి. పట్టనివి ఉంటే దారం విప్పండి. కొత్తది మొదలుపెట్టేముందు మాత్రం మచ్చు చూడ్డం మరిచిపోకండేం!